రెండున్నర గంటల నడక, ఆమెకు రెండు నిమిషాలు

మూడు స్టార్లు. ట్రామ్ ఎక్కేదాకా నాలుగు ఇద్దామనే అనుకున్నాను. మా నాన్న సీట్లో కూలబడి బూట్ల లేసులు వదులు చేసుకుంటూ "ఒరేయ్, ఆ ఉత్తరం ఎవరి పేరున రాశాడో ఆవిడ సంగతి ఈయన ఏం చెప్పాడ్రా?" అని అడిగారు. ఆవిడ పేరు అయాన్ హిర్సీ అలీ, ఆ ఉత్తరం కథ కింద చెబుతాను. అప్పుడు ఒకటి తీసేశాను.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి నడక టూర్లు చాలానే ఉన్నాయి. ఈ ఊరి సహనం, స్వేచ్ఛ, వలసలు అనే పేరుతో నడిపిస్తారు. మేం వెళ్ళినది ఒక రిటైర్డ్ హిస్టరీ మాస్టారు సొంతంగా నడుపుకునేది. పేరు రాయను. నా ఫిర్యాదు ఆయన ఒక్కడి మీద కాదు, ఆయన తరం చదువుకున్నవాళ్ళ మీద, దానికి పాపం ఆయన బేరం చెడగొట్టడం ఎందుకు. మనిషికి 24 యూరోలు, ఇంగ్లీషులో చెబుతారు, రెండున్నర గంటలు, చివర్లో ఒక కాఫీ. నేను ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటాను, సూపర్ మార్కెట్లో పాల ప్యాకెట్ల దగ్గర తెలుగు వినపడే చోటు, ఆరేళ్ళయింది వచ్చి. అయినా ఊరి చరిత్ర అంటే కాలువలు, మ్యూజియం, ట్యులిప్ పూలు ఇంతే తెలుసు. తెనాలి నుంచి నాన్న వచ్చారు, తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు, ట్యులిప్ పూలు చూసి రెండో రోజుకే విసుక్కున్నారు, అందుకని ఇది బుక్ చేశాను.

ముందు బాగున్నవి చెబుతాను, ఎందుకంటే నిజంగా బాగున్నాయి.

డామ్ స్క్వేర్‌లో మొదలుపెట్టారు. ఎనిమిది మందిమి. అందరినీ ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడమన్నారు. తర్వాత చెప్పారు: 2004 నవంబరు 2 సాయంత్రం ఇక్కడికి 20,000 మంది వచ్చారు, మౌనం పాటించడానికి కాదు, గోల చేయడానికి. గిన్నెలు, గరిటెలు, ఈలలు పట్టుకుని వచ్చారు. ఆ రోజు ఉదయం ఒక మనిషిని మాట్లాడినందుకు చంపేశారు కాబట్టి మౌనంగా నిలబడటం తప్పు అని వాళ్ళకు అనిపించింది. నాన్న నా చెవిలో "మనమూ వాయించాంగా కరోనాకి" అన్నారు. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

అక్కడి నుంచి స్పినోజా విగ్రహం. సిటీ హాలు పక్కన కాలువ గట్టు మీద ఉంది, 2008లో పెట్టారట. 1656లో, 23 ఏళ్ళ వయసులో ఈయన్ని సొంత యూదు సమాజమే వెలివేసింది. విగ్రహం అంటే ఏదో గడ్డం, పుస్తకం ఉంటాయనుకున్నాను. పొడుగాటి అంగీ, ఆ అంగీ నిండా గులాబీలు, పిచ్చుకలు, ఇంకా చిలకలు. దగ్గరికెళ్ళి చూస్తే మెడలో పట్టీ ఉన్న మన రామచిలకే! ఆ చిలకలు పంజరాల్లోంచి తప్పించుకుని ఈ ఊళ్ళో చెట్ల మీద స్థిరపడిపోయాయట, అందుకే శిల్పి వాటిని వలస వచ్చినవాళ్ళకు గుర్తుగా చెక్కాడు. నాన్న ఫోన్ తీసి ఒక్కో చిలకనీ విడిగా ఫోటో తీసుకున్నారు. మాస్టారు విసుక్కోకుండా ఆగారు, ఈ ఓపికకే ఒక స్టార్.

తర్వాత యూదుల పాత ప్రార్థనా మందిరం దగ్గర కొద్దిసేపు ఆగి, ప్లాంటాజ్ మీదుగా ఊస్టర్‌పార్క్ దాకా నడక. పార్కులో బానిసత్వ స్మారకం ఉంది, 2002లో పెట్టింది. ఇక్కడ మాస్టారు అరగంట చెప్పారు, అరగంటా వినాలనిపించింది. సురినామ్ చెరకు తోటలు, 1863లో రద్దు, రద్దయ్యాక కూడా మరో పదేళ్ళు తోటల్లో పని చేసి తీరాలన్న షరతు, అది ముగిసిన 1873లోనే కలకత్తా నుంచి మొదటి ఓడలో మన దేశం కూలీలను దించడం. ఆ కూలీల మనవలు, మునిమనవలు ఇప్పుడు హేగ్‌లో, ఇక్కడా ఉన్నారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారింది. "మా తాతలు ఈ డబ్బుతో కట్టుకున్న ఇళ్ళనే మీరంతా ఫోటోలు తీసుకుంటున్నారు" అన్నారు. అది నటన కాదు. నేనైతే ఆ మాటతోనే టికెట్ డబ్బులు వచ్చేశాయి అనుకున్నాను.

అదే పార్కులో, ఇంకొంచెం నడిస్తే, స్టీలుతో చేసిన ఇంకో స్మారకం. పేరు 'అరుపు'. 2007లో పెట్టారు. మూసిన నోటితో మొదలైన ముఖం మెల్లగా నోరు తెరిచి అరిచే ముఖంగా మారుతుంది. ఇది తేయో వాన్ గో కోసం. మనం వాన్ గో అంటాం గానీ ఇక్కడివాళ్ళు గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు అంటారు, నాకు ఆరేళ్ళలో రాలేదు. చిత్రకారుడు వాన్ గో తమ్ముడికి మునిమనవడు ఈ తేయో. సినిమాలు తీసేవాడు, పత్రికల్లో కాలమ్ రాసేవాడు, నోటికి అదుపు లేదు. ముస్లింల గురించి మేకలతో ముడిపెట్టి ఒక బూతు మాట వాడేవాడు, యూదుల గురించీ వెకిలిగా రాశాడు. ఇవన్నీ మాస్టారు దాచకుండా చెప్పారు, చెప్పాలి కూడా.

పార్కు పక్కన లిన్నేయస్‌స్ట్రాట్. మామూలు వీధి. ట్రామ్ పట్టాలు, ఎర్రటి సైకిల్ దారి, అటూ ఇటూ దుకాణాలు, ముందు బుట్టలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని తొక్కుకెళ్ళే అమ్మలు. మేం నిలబడిన పది నిమిషాల్లో నలుగురు బెల్లు కొట్టి తిట్టారు, సైకిల్ దారికి అడ్డం ఉన్నామని. 2004 నవంబరు 2 ఉదయం తొమ్మిది కాకముందే తేయో ఇలాగే సైకిల్ మీద వస్తుంటే 26 ఏళ్ళ మొహమ్మద్ బూయెరీ కాల్చి, గొంతు కోసి, ఐదు పేజీల ఉత్తరాన్ని కత్తితో శవం మీద గుచ్చి వెళ్ళాడు. "మాట్లాడుకోలేమా" అని తేయో అడిగాడని చూసినవాళ్ళు చెప్పారు. బూయెరీ మొరాకో కుటుంబం పిల్లాడు, కానీ పుట్టింది ఈ ఊళ్ళోనే, చదివింది ఇక్కడే, ఆ ఉత్తరం రాసింది డచ్ భాషలోనే. 2005లో యావజ్జీవం పడింది.

ఆ ఉత్తరం అయాన్ హిర్సీ అలీకి రాసింది. తర్వాత నీ వంతు అని.

మాస్టారు ఏమన్నారంటే, "సినిమాకు స్క్రిప్టు రాసిన సోమాలియా మూలాలున్న ఎంపీ ఒకావిడ ఉండేవారు, ఆవిడా కాస్త వివాదాస్పదమే, తర్వాత అమెరికా వెళ్ళిపోయారు." ఇంతే. దీనికి అటూ ఇటూ రెండు మాటలు కలిపితే రెండు నిమిషాలు. తర్వాత కాఫీ.

నాకు ఆవిడ గురించి అప్పటికే కొంచెం తెలుసు, అందుకే అక్కడే అడిగాను, ఇంకొంచెం చెప్పరా అని. ఆయన చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, మంచితనంగానే చెప్పారు: "ఆ కథ చెబితే గ్రూపులో ఎవరో ఒకరు దాన్ని వేరేలా తీసుకుంటారు. ఎవరి చేతికి కర్ర ఇస్తున్నానో నాకు తెలియదు కదా." నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

ఆయన వదిలేసినవి నేను చెబుతాను, ఈ టూర్‌కి వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకుని వెళితే మంచిది. మొగదిషులో 1969లో పుట్టింది. తండ్రి కుదిర్చిన పెళ్ళి తప్పించుకుని 1992లో నెదర్లాండ్స్ వచ్చింది. డచ్ నేర్చుకుని సోమాలీ ఆడవాళ్ళకు దుబాసీగా పనిచేసింది, ఆస్పత్రుల్లో, మొగుడి దెబ్బలు తిని వచ్చినవాళ్ళ ఆశ్రయాల్లో. అంటే వాళ్ళు ఏడుస్తూ చెప్పేది వాక్యం వాక్యం డచ్‌లోకి తిప్పి చెప్పడం ఆమె ఉద్యోగం. లైడెన్‌లో రాజనీతి శాస్త్రం చదివింది, 2003లో ఎంపీ అయింది, పరువు హత్యలను పోలీసులు విడిగా లెక్కపెట్టాలని పట్టుబట్టింది. తేయోతో కలిసి తీసిన సినిమా ముస్లిం ఆడవాళ్ళు మతం పేరుతో పడే హింస గురించి, పది పదకొండు నిమిషాలు, ఆగస్టు 2004లో టీవీలో వచ్చింది. హత్య తర్వాత ఆమెను దాచిపెట్టారు, కొన్నాళ్ళు దేశం దాటించారు.

ఇప్పుడు అసలుది. తిరిగి వచ్చి హేగ్‌లో ఫ్లాట్‌లో ఉంటుంటే పక్కింటివాళ్ళు కోర్టుకెక్కారు, ఈమె ఉండటం వల్ల మాకు భద్రత లేదని. 2006 ఏప్రిల్‌లో కోర్టు వాళ్ళ వైపే చెప్పింది, ఖాళీ చేయమంది. బెదిరించినవాడికి కాదు, బెదిరింపు వచ్చినామెకు నోటీసు! మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు బ్యాచిలర్లకి ఇల్లు ఇవ్వం అంటేనే మనం పోస్టుల మీద పోస్టులు పెడతాం. మరుసటి నెలలో సొంత పార్టీ మంత్రే, ఆశ్రయం దరఖాస్తులో తప్పుడు ఇంటిపేరు రాశావు కాబట్టి నువ్వు అసలు ఈ దేశ పౌరురాలివే కాదు పొమ్మంది. ఆ తప్పుడు పేరు సంగతి ఆమె అంతకుముందే బయట చెప్పుకున్నదే. ఆ గొడవ ముదిరి జూన్‌లో ప్రభుత్వమే కూలింది. అదీ 'తర్వాత అమెరికా వెళ్ళిపోయారు' వెనకాల ఉన్న కథ. అరగంట పట్టేది కాదు, ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు.

నా కోపం మాస్టారి మీద కాదని మొదట్లో అన్నాను కదా. ఇంటికొచ్చాక ఆ కాలంలో పెద్ద మేధావులు ఏం రాశారో చదివాను, రెండు వారాలు రాత్రిళ్ళు అదే పని. మాస్టారు వాళ్ళ క్లాసులో చివరి బెంచీ స్టూడెంట్ అని అర్థమైంది.

ఇయాన్ బురుమా అని హేగ్‌లోనే పుట్టి అమెరికాలో స్థిరపడ్డ రచయిత, 2006లో ఈ హత్య మీద పుస్తకం రాశాడు. చెత్త పుస్తకం కాదు, వీధుల్లో తిరిగి మనుషులతో మాట్లాడి రాశాడు, మొరాకో పిల్లల విసుగు, వాళ్ళ నాన్నల మౌనం బాగా పట్టుకున్నాడు. కానీ అందులో ఒకచోట, హిర్సీ అలీ ఒక టీవీ కార్యక్రమం కోసం దెబ్బలు తిన్న ముస్లిం ఆడవాళ్ళ ఆశ్రయానికి వెళ్ళి సినిమా చూపిస్తుంది, వాళ్ళలో కొందరికి కోపం వస్తుంది, మాటా మాటా అయ్యాక ఆమె చేయి ఇలా ఊపి తోసిపుచ్చుతుంది. ఆ చేయి ఊపడం దగ్గర బురుమా ఆగిపోతాడు. అందులో దొరసాని పొగరు చూస్తాడు. సరే, పొగరే అనుకుందాం. ఆ ఆశ్రయంలో ఆడవాళ్ళు ఎందుకున్నారు అన్నది ప్రశ్న కాకుండా, వచ్చినావిడ చేయి ఎలా ఊపింది అన్నది ప్రశ్న ఎలా అయింది? ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను.

అదే ఏడాది అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ టిమొతీ గార్టన్ ఆష్, న్యూయార్క్ రివ్యూలో ఈ పుస్తకాన్నీ ఆమె పుస్తకాన్నీ కలిపి సమీక్షిస్తూ ఆమెను ధైర్యవంతురాలని పొగుడుతూనే, విషయాన్ని కాస్త అతి సరళం చేసే 'ఎన్‌లైటెన్‌మెంట్ ఫండమెంటలిస్ట్' అన్నాడు. అంటే ఛాందసానికి ఎదురు తిరిగినావిడ కూడా ఇంకో రకం ఛాందసురాలే అన్నమాట. పైగా పొట్టిగా, లావుగా, మెల్లకన్నుతో ఉంటే ఆమె మాట ఇంతమంది వినేవాళ్ళు కాదేమో అని కూడా రాశాడు. కత్తితో గుచ్చిన ఉత్తరం వచ్చిన మనిషి గురించి అండి! ఈ వాక్యం నాన్నకు తెలుగులో చెబితే "సంబంధం చూడటానికి వెళ్ళాడా" అన్నారు.

దీనికి ఫ్రాన్స్ నుంచి పాస్కల్ బ్రూక్నర్ 2007 జనవరిలో గట్టిగా జవాబిచ్చాడు, ఇది జాతివివక్ష వ్యతిరేకుల జాతివివక్ష అన్నాడు. తెల్లవాడికి చర్చిని తిట్టే హక్కు ఉంది, వోల్టేర్ వారసుడు అంటారు, అదే సోమాలియా నుంచి వచ్చిన అమ్మాయి తన మతాన్ని తిడితే నీ సంస్కృతిలో నువ్వుండు అంటారు, ఇదీ స్థూలంగా ఆయన వాదన. బురుమా, గార్టన్ ఆష్ ఇద్దరూ తిరిగి జవాబులు రాశారు, మేం అలా అనలేదని. అమెరికాలో పాల్ బెర్మన్ అదే ఏడాది దీని మీద చాలా పొడుగు వ్యాసం రాసి, మూడేళ్ళకు దాన్ని పుస్తకం చేశాడు. వ్యభిచారానికి రాళ్ళతో కొట్టే శిక్షను ఖండించమంటే 2003లో ఫ్రెంచి టీవీలో 'తాత్కాలికంగా ఆపాలి' అన్న ముస్లిం మేధావి తారిక్ రమదాన్‌ను ఈ పెద్దలు ఎంత ఓపికగా అర్థం చేసుకున్నారు, హిర్సీ అలీతో ఎంత చిరాకు పడ్డారు అని పక్కపక్కన పెట్టి చూపించాడు. బ్రూక్నర్, బెర్మన్ ఇద్దరూ ఒక్కోచోట మరీ రెచ్చిపోతారు, నాకూ తలనొప్పి వచ్చింది. కానీ ఆ పక్కపక్కన పెట్టడం మాత్రం తప్పించుకోలేనిది.

ఇది డచ్ వాళ్ళ ఒక్క ఊరి జబ్బు కూడా కాదు. 1989లో రష్దీ మీద ఫత్వా వచ్చినప్పుడు పుస్తకం రాసినవాడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సింది అన్న ఇంగ్లీషు రచయితలున్నారు. 2015లో ఫ్రెంచి వ్యంగ్య పత్రిక షార్లీ ఎబ్డో ఆఫీసు మీద దాడిలో పన్నెండు మంది చచ్చిపోయాక ఆ పత్రికకు అమెరికా రచయితల సంస్థ పెన్ అవార్డిస్తానంటే ఆరుగురు పేరున్న రచయితలు విందుకు రామని తప్పుకున్నారు.

మరి ఈ చదువుకున్నవాళ్ళకి ఏమైంది? దుర్మార్గులు కారు. నాకు ఆ పార్కులోనే అర్థమైనట్టనిపించింది. ఒకే పార్కులో వంద అడుగుల తేడాలో అనలేను గానీ కొద్ది దూరంలోనే రెండు స్మారకాలున్నాయి. మొదటి దాని దగ్గర మాస్టారి గొంతు పూడుకుపోయింది, అది నిజమైన అపరాధ భావం, ఆ తప్పు కూడా నిజమైనదే. అందుకే రెండో దాని దగ్గర ఆయనకు నోరు పెగలలేదు. మనం వాళ్ళకు ఇంత చేశాం, ఇప్పుడు వాళ్ళ మతం గురించి మాట్లాడే మొహం మనకుందా అని. సరే, మీకు మొహం లేకపోతే మీరు మాట్లాడకండి. ఆమెకు ఉంది కదా? ఆమె మాట్లాడితే గొంతు తగ్గించమనడం దేనికి? మీ తాత చేసిన అప్పు ఆమె ఎందుకు తీర్చాలి?

ఇంకోటి, ఈ దేశంలో బహుళ సంస్కృతి అంటే మొదట్లో గొప్ప సిద్ధాంతమేమీ కాదు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, సోషలిస్టులు ఎవరి బడి వాళ్ళది, ఎవరి పేపరు వాళ్ళది, ఎవరి రేడియో వాళ్ళది, అలా ఎవరి వాడ వాళ్ళదిగా దశాబ్దాలు బతికారు. టర్కీతో 1964లో, మొరాకోతో 1969లో ఒప్పందాలు చేసుకుని కూలీలను తెచ్చుకున్నప్పుడు, వీళ్ళెలాగూ వెనక్కి పోతారు, అందాకా వాళ్ళ వాడ వాళ్ళకుంటుందిలే అనుకున్నారు. పోలేదు. ఆ వాడలో ఆడపిల్లకు ఏం జరుగుతోందో తొంగి చూడకపోవడానికి గౌరవం అని పేరు పెట్టారు. పాల్ స్కెఫర్ అని వామపక్షం మనిషే, లేబర్ పార్టీ వాడు, 2000లో దీన్ని పేపర్లో ఉతికి ఆరేస్తే దేశమంతా గగ్గోలు. అంటే చెప్పినవాళ్ళందరూ మితవాదులు కారు.

ఇక మాస్టారి భయం. 'ఎవరి చేతికి కర్ర ఇస్తున్నానో' అన్నారే, అది వట్టి సాకు కాదు, ఒప్పుకోవాలి. తేయో హత్య తర్వాత వారంలో ఊడెన్‌లో ఒక ముస్లిం ప్రాథమిక పాఠశాలను తగలబెట్టారు. పసిపిల్లల బడి. 2023 నవంబరు ఎన్నికల్లో ఇస్లాంనీ వలసలనీ వ్యతిరేకించే నాయకుడు వైల్డర్స్ పార్టీకి 150లో 37 సీట్లు వచ్చిన మర్నాడు ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర ఒక కొలీగ్ నా భుజం తట్టి "నీలాంటివాళ్ళ గురించి కాదులే" అన్నాడు. ఓదార్చాననుకున్నాడు. నాకు ఆ రోజంతా టెన్షన్. రాత్రి ట్రామ్‌లో తిట్టేవాడు నా మతం అడిగి తిట్టడు. కాబట్టి కర్ర సంగతి నాకు మాస్టారి కంటే బాగానే తెలుసు. కానీ నిజం చెప్పాల్సినవాళ్ళు గొంతు తగ్గించుకుంటే ఆ కర్ర వైల్డర్స్‌కి ఉచితంగా దొరికింది, వేరే ఎవరూ పట్టుకోలేదు కాబట్టి.

మన వాట్సాప్ బాబాయిలు కూడా ఈమె వీడియోలు పంపుతుంటారు, చూశావా ఎంత బాగా చెప్పిందో అని. అదే పద్ధతిలో ఎవరైనా మన పురాణాల మీద మాట్లాడితే అదే బాబాయి కేసు పెట్టాలంటాడు. ఆమె తర్వాత ఎటు వెళ్ళిందన్నదీ నాకు అంతగా నచ్చలేదు, 2023లో క్రైస్తవం తీసుకున్నానని రాసింది, ఇప్పుడు మాట్లాడేవాటిలో సగం నేను ఒప్పుకోను. దానికీ ఆ ఫ్లాట్ ఖాళీ చేయించడానికీ ఏం సంబంధం?

ట్రామ్‌లో నాన్న ఆ ప్రశ్న అడిగి ఊరుకోలేదు. తెనాలి మనిషి కదా, త్రిపురనేని రామస్వామి చౌదరి దగ్గర మొదలుపెట్టారు. "ఆయన్ని తిట్టనివాడు లేడు, కానీ హేతువాదులం అనుకున్నవాళ్ళెవరూ కాస్త మెల్లగా రాయండి, మనోభావాలు అనలేదురా." ఆ మాట పూర్తిగా నిజమో కాదో నాకు అనుమానమే, నాన్నకు ఆ కాలం మీద మమకారం ఎక్కువ. కానీ తర్వాత చెప్పింది మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటోంది. 2007 ఆగస్టు 9, హైదరాబాద్ ప్రెస్ క్లబ్. తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు వస్తే ఎంఐఎం ఎమ్మెల్యేలు మనుషులతో వచ్చి మీద పడ్డారు, పూలకుండీలు, కుర్చీలు విసిరారు, పాత్రికేయులు అడ్డం నిలబడి కాపాడారు. తర్వాత పోలీసులు ఆమె మీద కూడా కేసు కట్టారు. "టీవీలో చూశాను. మర్నాడు మా స్టాఫ్ రూమ్‌లో పద్నాలుగు మందిమి, పది మంది అభ్యుదయ రచయితలం, ఎవడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మైనారిటీల మీద మాట్లాడినట్టవుతుందని." అని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆమ్‌స్టెల్‌వీన్ దాకా ఇంకేం మాట్లాడలేదు.

సరే, వెళ్ళాలనుకునేవాళ్ళకి. టూర్ వానొచ్చినా రద్దు చేయరు, గొడుగు ఇక్కడి గాలికి నిలవదు, రెయిన్ కోటు వేసుకోండి. మొత్తం నడకే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కష్టం, దారిలో టాయిలెట్ కాఫీ షాపు వచ్చేదాకా లేదు. కాఫీ బాగుంది. లిన్నేయస్‌స్ట్రాట్‌లో సైకిల్ దారి మీద నిలబడకండి. హిర్సీ అలీ గురించి తప్పకుండా అడగండి, ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే చెబుతారేమో. మాస్టారికి ఇదంతా మెయిల్ కూడా రాశాను, మర్యాదగానే. జవాబు రాలేదు ఇంకా. నేను వద్దంటున్నా నాన్న మాత్రం ఆయనకు టిప్పు కింద ఐదు యూరోలు చేతిలో పెట్టారు, చిలకల దగ్గర ఆగినందుకట.